ఆంత్రోపాలజీ, సైకాలజీ కలిపి చదవాలంటే హైదరాబాద్‌లో దారి ఏది?

హిమబిందు (బోడుప్పల్)

అందరికీ నమస్కారం. ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్‌ఈసీ, తెలుగు మాధ్యమం. డిగ్రీలో సైకాలజీ (మనస్తత్వ శాస్త్రం), ఆంత్రోపాలజీ (మనుషుల, వాళ్ల సమాజాల అధ్యయనం) రెండూ చదవాలని ఉంది. ఇంట్లో మాత్రం ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు. రెండూ ఎందుకు కావాలో చెబితేనే మీరు సరైన సలహా ఇవ్వగలరని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా బాబాయి భార్యకు బోనాలప్పుడు పూనకం వస్తుంది. ఏడాది పొడవునా కిరాణా కొట్టు లెక్కలు పైసా తేడా లేకుండా చూసుకునే మనిషి. మా నాన్న ఎదురుగా కుర్చీలో కూర్చోదు, బావగారని అంత మర్యాద. డప్పు ఊపందుకున్నాక మాత్రం అదే నాన్నను పేరు పెట్టి పిలిచి, తాతయ్య పొలం సంగతి ఏం చేశావని నిలదీస్తుంది. నాన్న చేతులు కట్టుకుని వింటారు. మర్నాడు అడిగితే చిన్నమ్మకు ఏదీ గుర్తుండదు. ఫార్మసీ చదివే మా అన్నయ్య అది జబ్బంటాడు. నానమ్మ అమ్మవారంటుంది. ఇద్దరి మాటల్లో ఏదీ నాకు చాలడం లేదు.

సైకాలజీ చదివితే చిన్నమ్మ మనసులో ఏం జరుగుతోందో తెలుస్తుందనుకుంటున్నాను. కానీ ఆ మాటలు ఆ రోజే ఎందుకు వస్తాయి, అంతమంది ఎందుకు తలవంచి వింటారు? అది ఆంత్రోపాలజీలో ఉంటుందని మా లెక్చరర్ చెప్పారు. హైదరాబాద్‌లో ఉంటూ రెండూ చదివే వీలుందా?

అనంతగిరి

హిమబిందు గారూ, నేను సైకాలజీ ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేసి ఇప్పుడు గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఆంత్రోపాలజీ చదువుతున్నాను. రెండు పేర్లూ ఒకే పట్టా మీద ఉండే కోర్సు కోసం వెతుకుతూ కూర్చోకండి. బ్రిటన్‌లో అలాంటి జాయింట్ డిగ్రీలు ఉన్నాయి. మన నగరంలో ఆ దారిని మనమే కూర్చుకోవాలి.

మా యూనివర్సిటీలో రెండూ ఉన్నాయి కానీ ఒకే చోట లేవు. ఆంత్రోపాలజీ సామాజిక శాస్త్రాల స్కూల్‌లో ఉంటే, హెల్త్ సైకాలజీ వైద్య శాస్త్రాల స్కూల్ కింద ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు రెండింటిలోనూ ఉన్నాయి. ప్రవేశం సీయూఈటీ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మార్కులతో. ఆ పరీక్ష 13 భాషల్లో జరుగుతుంది, వాటిలో తెలుగు ఒకటి కనుక మాధ్యమం గురించి ఇప్పటినుంచే బెంగ అక్కర్లేదు. ఒక విభాగంలో చేరి రెండో విభాగంలో ఎలెక్టివ్ తీసుకోవడం టైంటేబుల్‌ను బట్టి, అధ్యాపకుల అనుమతిని బట్టి ఉంటుంది. మొదటి వారంలోనే వెళ్లి అడగాలి.

రెండో దారి దోస్త్, అంటే తెలంగాణ డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాలు. నగరంలో సైకాలజీ ఉన్న డిగ్రీ కళాశాలలు చాలానే ఉన్నాయి, డిగ్రీ స్థాయిలో ఆంత్రోపాలజీ మాత్రం అరుదు. అందుకే డిగ్రీలో సైకాలజీ, పీజీలో ఆంత్రోపాలజీ చేసేవాళ్లు మాలో ఎక్కువ. పీజీకి గచ్చిబౌలిలో సీటు రాకపోతే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నాయి.

కిరణ్_ఉప్పల్

ఇంత తిరగడం దేనికండీ? ఇగ్నోలో దూరవిద్య ద్వారా ఎంఏ సైకాలజీ చేయవచ్చు, ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు. 2022 నుంచి ఏకకాలంలో రెండు డిగ్రీలు చేసుకోవచ్చని యూజీసీ కూడా చెప్పింది. ఒకటి కళాశాలలో, ఒకటి ఇంట్లో.

శ్రీవిద్య (క్లినికల్ సైకాలజిస్టు)

కిరణ్ గారూ, రెండు డిగ్రీల సంగతి నిజమే. దూరవిద్యలో సైకాలజీ దారి మాత్రం మూసుకుపోయింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ 2025లో ఆదేశించింది. ఆ జాబితాలో సైకాలజీ ఉంది. 2025 జులై–ఆగస్టు నుంచి కొత్త ప్రవేశాలు లేవు. పాత వీడియోలు చూసి ఎవరైనా డబ్బు కడతారేమోనని వెంటనే రాస్తున్నాను. హిమబిందు ప్రశ్నకు రాత్రి తీరిగ్గా జవాబు రాస్తాను.

మనోవిజ్ఞానం మాస్టారు

అమ్మా హిమబిందూ, నేను డిగ్రీ కళాశాలలో సైకాలజీ పాఠాలు చెబుతాను. చేరకముందే ఒక సంగతి తెలుసుకోవాలి. సైకాలజీ అంటే మనసు విప్పి మాట్లాడుకోవడం అనుకుని వచ్చే పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే నీరుగారిపోతారు. వాళ్లకు ఎదురయ్యేది కొలత.

మా ప్రయోగశాలలో ఒక చెక్క పలక ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు గీతలు ఉంటాయి. ఒకదాని కొసల్లో బాణం మొనలు లోపలికి, రెండోదాని కొసల్లో బయటికి తిరిగి ఉంటాయి. ఒక గీతను జరపవచ్చు. రెండూ సమానంగా కనిపించేదాకా జరపమని కూర్చున్న విద్యార్థికి చెబుతాం. సమానమయ్యాయని అన్నాక పలక వెనక్కి తిప్పి స్కేలు మీద తేడా ఎన్ని మిల్లీమీటర్లో రాసుకుంటాం. ఒకసారి ఎక్కువ నుంచి తక్కువకు, ఒకసారి తక్కువ నుంచి ఎక్కువకు, మళ్లీ మళ్లీ. సగటు తీస్తాం. దీన్ని ముల్లర్–లయర్ భ్రమ అంటారు. గీతలు సమానమని ముందే తెలిసినా కన్ను మోసపోతూనే ఉంటుంది.

నీకు దీనితో పనేమిటంటావా? 1898లో కేంబ్రిడ్జి నుంచి హాడన్ నాయకత్వాన ఒక బృందం ఆస్ట్రేలియాకు, న్యూగినీకి మధ్యనున్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లింది. అందులో రివర్స్ అనే వైద్యుడు ఉన్నాడు, మనస్తత్వ ప్రయోగాల్లో ఆరితేరినవాడు. ఆ దీవుల వాళ్లకు ఇదే భ్రమను చూపిస్తే ఇంగ్లండు వాళ్ల కంటే తక్కువగా మోసపోయారు. కన్ను అందరికీ ఒకటే, దాన్ని పెంచిన పరిసరాలు వేరు. తర్వాత నీలగిరుల్లో తోడా గిరిజనుల మధ్య ఉండి ఇలాంటి పరీక్షలే చేశాడు, 1906లో వాళ్ల మీద పెద్ద పుస్తకం రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన సైనికులకు వైద్యం చేసిందీ ఆయనే. ఒకే మనిషి ఈ రెండు శాస్త్రాల్లోనూ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. నువ్వు అడుగుతున్నది విడ్డూరమేమీ కాదమ్మా, ఇంట్లో ధైర్యంగా చెప్పు.

మార్లవాయి బాట

మాస్టారు రివర్స్ పేరెత్తారు కనుక నా వంతు. ఆదిలాబాద్ వైపు గ్రామాల్లో ఆరోగ్య కార్యక్రమాల్లో పని చేస్తున్నాను, చదివింది ఆంత్రోపాలజీ. వంశవృక్షం గీసి సమాజాన్ని అర్థం చేసుకునే పద్ధతిని స్థిరపరచింది కూడా ఆ రివర్సే. మగవాళ్లకు త్రికోణం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి రెండు అడ్డగీతలు. విదేశీ పుస్తకంలో చూస్తే చెట్టు కొమ్మల్లా చక్కగా విడిపోతూ ఉంటుంది. మన తెలుగు ఇంట్లో కూర్చుని గీయండి. మేనమామను చేసుకున్న పిల్ల ఉందనుకోండి, అతను ఒకపక్క తల్లికి తమ్ముడు, ఇంకోపక్క కూతురికి భర్త. త్రికోణం ఒకటే, నిలవాల్సిన తరాలు రెండు. గీతలు వెనక్కి తిరిగి పెనవేసుకుంటాయి. ఆ పెనవేత చూశాక కట్నం, పొలం పంపకం, చిన్నమ్మ గారు బావగారిని నిలదీసిన ఆ పొలం సంగతి, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి కనిపిస్తాయి. మొదటి అభ్యాసంగా మీ ఇంటిదే గీయండి. నానమ్మ గారిని అడగండి, ఆవిడకు అయిదు తరాలు నోటికి వచ్చి ఉంటాయి.

హైదరాబాద్‌కు ఈ శాస్త్రంతో పాత చుట్టరికం ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాక, గోండుల్లో ఆ అలజడి ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆంత్రోపాలజిస్టును ఆదిలాబాద్ పంపింది. ఆయన అక్కడి మార్లవాయి గ్రామంలో గోండుల మధ్యే ఉన్నాడు, గోండి భాషలో బడి పెట్టించాడు, ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. నల్లమల చెంచుల మీద ఆయన పుస్తకం 1943 నాటికే వచ్చింది.

ఇంకొకరు ఎస్.సి. దూబే అనే ఆంత్రోపాలజిస్టు. ఆయన కూడా ఉస్మానియాలో ఉంటూ వివిధ విభాగాల వాళ్లను వెంటబెట్టుకుని ఒక ఊరిని అధ్యయనం చేశారు. 1955లో వచ్చిన ఆ పుస్తకాన్ని భారతీయ గ్రామం మీద అధ్యయనాలు ప్రస్తావించే ప్రతి చోటా తలుచుకుంటారు. ఆ ఊరు మన శామీర్‌పేట! ఇప్పుడు న్యాయ విశ్వవిద్యాలయం, అవుటర్ రింగు రోడ్డు ఉన్న శామీర్‌పేట. వారాంతంలో ఆ పుస్తకం చేతపట్టుకుని వెళ్లి చూడదగిన చోటు. వీలైతే మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం కూడా చూడండి.

వరలక్ష్మి

అందరూ ప్రోత్సహిస్తున్నారు, నేను కొంచెం అడ్డం పడతాను. నేను గణాంక శాస్త్రం చదివి పరిశోధన సంస్థలో పని చేస్తున్నాను. ఈ రెండు శాస్త్రాలకూ రుజువు అనే మాట దగ్గరే పడదు. ఒకరు రెండు వందల మందిని ప్రశ్నావళితో కొలిచి సగటు చెబుతారు. ఇంకొకరు ఒక ఊళ్లో ఏడాది ఉండి తాము చూసింది రాస్తారు. మార్గరెట్ మీడ్ అనే ఆంత్రోపాలజిస్టు 1928లో పసిఫిక్ దీవులైన సమోవా అమ్మాయిల గురించి ఒకటి రాస్తే, 1983లో ఫ్రీమన్ అనే ఇంకో ఆంత్రోపాలజిస్టు వచ్చి అదంతా తప్పని పుస్తకం రాశాడు. ఎవరి మాట నమ్మాలి? రెండూ నేర్చుకునే పిల్ల రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుంది. ముందు ఒకదానిలో చెయ్యి తిరగనివ్వండి.

మనోవిజ్ఞానం మాస్టారు

వరలక్ష్మి గారూ, మీ అభ్యంతరం గట్టిదే. అయితే కొలతల పక్షాన నిలబడి చెబుతున్నాను, మా ఇల్లూ అంత భద్రంగా లేదు. 2015లో చాలామంది పరిశోధకులు కలిసి సైకాలజీలో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి దాదాపు అన్నింటిలోనూ ఫలితం స్పష్టంగా ఉందన్నారు. రెండోసారి ఆ స్పష్టత సుమారు 36 శాతంలోనే నిలిచింది.

అసలు కొలిచింది ఎవరిని అన్నది ఇంకో ప్రశ్న. పేరున్న సైకాలజీ పత్రికల్లో ప్రయోగాలకు కూర్చున్నవాళ్లలో 96 శాతం మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య సంపన్న దేశాల వాళ్లని 2008లో ఆర్నెట్ అనే సైకాలజిస్టు లెక్క తేల్చాడు. వాళ్లలోనూ ఎక్కువమంది కళాశాల విద్యార్థులు. వాళ్ల మీద తేలినదాన్ని మనిషి స్వభావం అని రాసేశాం. జనగామ దగ్గర ఊళ్లో బీడీలు చుట్టే ఆవిడ ఆ లెక్కలో లేదు. ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చునే అలవాటు ఆంత్రోపాలజీకి ఉంది, ఒక్కరు చూసినదాన్ని పదిమంది దగ్గర సరిచూసే అలవాటు మాకు ఉంది. ఒకరి లోటు ఒకరికి కనిపిస్తుంది. అందుకే కలిపి చదవమంటున్నాను.

వరలక్ష్మి

ఆ లెక్కలు నాకూ తెలుసు మాస్టారూ. నా మాట మాత్రం అదే. కలిపి చదవడం వేరు, ఒకేసారి మొదలుపెట్టడం వేరు. ముందు ఒకటి, తర్వాత రెండోది.

జనార్దన్ (హిమబిందు నాన్న)

ఈ చర్చ మా అమ్మాయే చూపించింది. పెద్దలందరికీ ధన్యవాదాలు. పూనకం సంగతి బయట రాసినందుకు మొదట కష్టమనిపించింది, మీరంతా మర్యాదగా మాట్లాడుతున్నారు కనుక ఊరుకున్నాను. నేను ఆర్టీసీలో పని చేసి రిటైరయ్యాను. నా ప్రశ్న ఒక్కటే. ఐదేళ్లు చదివాక ఈ పిల్లకు ఏ ఉద్యోగం వస్తుంది? బంధువులు సివిల్స్‌కు పనికొస్తుందంటున్నారు. అది ఎంతవరకు నిజం?

అశోక్‌నగర్ అభ్యర్థి

జనార్దన్ గారూ, సివిల్స్ మాట వరకు నేను చెబుతాను. 2013 నుంచి మెయిన్స్‌లో ఐచ్ఛికం (మనం ఎంచుకునే సబ్జెక్టు) ఒక్కటే. రెండు పేపర్లు, ఒక్కోటి 250, మొత్తం 1750 రాత మార్కుల్లో 500. ఆంత్రోపాలజీ, సైకాలజీ రెండూ జాబితాలో ఉన్నాయి, తీసుకోగలిగేది ఒకటే. ఇక్కడ కోచింగ్ తీసుకునేవాళ్లలో ఆంత్రోపాలజీ వైపు మొగ్గేవాళ్లు చాలామంది, వాళ్లలో ఇంజనీర్లు, డాక్టర్లే ఎక్కువ. దాన్ని ఐచ్ఛికంగా తీసుకోవడానికి డిగ్రీలో చదివి ఉండాల్సిన పని లేదు. కాబట్టి సివిల్స్ కోసమే అయితే ఈ డిగ్రీ అవసరం లేదు, ఇష్టం ఉంటేనే చేరాలి. చేరితే మాత్రం మానవ పరిణామం, జన్యుశాస్త్రం, ఎముకలు కూడా సిలబస్‌లో ఉంటాయి. హెచ్‌ఈసీ నుంచి వచ్చేవాళ్లు ఆ భాగం దగ్గర తడబడతారు. ముందే ఇంటర్ జీవశాస్త్రం పుస్తకం తిరగేయడం మంచిది.

శ్రీవిద్య (క్లినికల్ సైకాలజిస్టు)

జనార్దన్ గారూ, మీ ప్రశ్నకు ముందుగా. మీ అమ్మాయి రోగులకు వైద్యం చేయాలనుకుంటే సైకాలజీ వెన్నెముకగా ఉండాలి. 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్టరులో పేరు లేకుండా క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయకూడదు. ఆ పేరు ఎక్కాలంటే సైకాలజీలో పీజీ తర్వాత ఆర్‌సీఐ గుర్తించిన చోట, ఆస్పత్రిలో పర్యవేక్షణ కింద శిక్షణ పొందాలి. మేమంతా ఎంఫిల్ ద్వారా వచ్చాం. యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తివేసి, మా కోర్సుకు 2025–26 దాకే గడువు పొడిగించింది. మీ అమ్మాయి ఆ దశకు వచ్చేసరికి కోర్సు రూపం మారిపోయి ఉంటుంది కనుక ఏటా ఆర్‌సీఐ వెబ్‌సైటు చూస్తుండండి. ఆంత్రోపాలజీ పీజీతో ఈ గుమ్మం దాటలేరు. వైద్యం కాదు, పరిశోధన, ప్రజారోగ్యం, గిరిజన సంక్షేమం, స్వచ్ఛంద సంస్థలు, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాసి బోధన అనుకుంటే ఏది ముందైనా ఫరవాలేదు.

ఇక హిమబిందు ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ–11లో ఆవేశ (పూనకం) స్థితికి ఒక రోగనిర్ధారణ ఉంది. దానికి పెట్టిన నిబంధనలు చూడు. అది మనిషి కోరకుండా, అదుపు లేకుండా రావాలి. ఆ మనిషికి వేదన గానీ బతుకులో నష్టం గానీ కలగాలి. ఆ సమాజం అంగీకరించిన ఆచారంలో భాగమైతే దాన్ని రోగం అనకూడదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడి ఒకావిడ చెప్పే భవిష్యవాణి కోసం జనం ఎదురుచూస్తారు. అక్కడికి మందుల చీటీ పట్టుకుని వెళ్లే పని నాకు లేదు. అదే ఆవేశం ఒక పిల్లకు పరీక్ష హాల్లో, నెలకు నాలుగుసార్లు, ఎవరూ పిలవకుండా వచ్చి ఆ పిల్ల ఏడుస్తూ నా దగ్గరికి వస్తే అది నా పని. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ఆ ఊరి ఆచారం తెలిసి ఉండాలి. అంటే నా రోగనిర్ధారణ సగం ఆంత్రోపాలజీ మీద నిలబడింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. లూర్మన్ అనే అమెరికా ఆంత్రోపాలజిస్టు, కొందరు మానసిక వైద్యులు కలిసి స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను చెన్నైలో 20 మందిని, ఘనా రాజధాని అక్రాలో 20 మందిని, కాలిఫోర్నియాలో 20 మందిని కలిసి, మీకు వినిపించే గొంతులు ఏమంటాయని అడిగారు. 2015లో అచ్చయింది. అమెరికా వాళ్లకు ఎక్కువగా హింస, ద్వేషం వినిపించాయి. చెన్నైలో సగానికి పైగా మందికి అవి అమ్మ, అత్త, అన్న వంటి బంధువుల గొంతులు. కొందరికి వంట చెయ్యి, స్నానం చెయ్యి అని పనులు పురమాయించేవి. జబ్బు ఒకటే, దాని గొంతు మాత్రం ఇంటిది. అది చదివాక నేను రోగిని అడిగే మొదటి ప్రశ్న మారింది. వినిపిస్తున్నాయా అని ఆగిపోను, ఎవరు మాట్లాడుతున్నారు, మీకు ఏమవుతారు అని అడుగుతాను. మన వాళ్లు ఆ ప్రశ్నకు గంటసేపు చెబుతారు.

మార్లవాయి బాట

శ్రీవిద్య గారు చెప్పినదానికి ఒక కొస. ఇంట్లో నోరెత్తలేని ఆడవాళ్లకు పూనకం మాట్లాడే చోటు ఇస్తుందని ఐ.ఎం. లూయిస్ అనే ఆంత్రోపాలజిస్టు 1971లోనే రాశాడు. హిమబిందు గారూ, మీ చిన్నమ్మ గారి కథకు అది చక్కగా అతుకుతుంది. అతుకుతోంది కదా అని వెంటనే అంటించకండి. ఆ వాదాన్ని విమర్శించినవాళ్లు అడిగింది ఇదే: ఆవిడ తన అనుభవాన్ని ఏమని చెబుతోంది? అమ్మవారు అంటే, ఆ జవాబును కూడా నోటు పుస్తకంలో అలాగే రాసుకోవాలి. ఇంకా ముఖ్యం, ఆవిడ అనుమతి. చిన్న ఊళ్లో పేరు మార్చినా ఎవరి గురించి రాశారో అందరికీ తెలిసిపోతుంది. ఇంటి మనుషుల మీద పరిశోధన పత్రం రాసే ముందు ఆవిడకు చదివి వినిపించి, వద్దంటే మానేయాలి.

హిమబిందు (బోడుప్పల్)

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నాన్నగారితో కూర్చుని మాట్లాడాం. సీయూఈటీ రాసి హెల్త్ సైకాలజీ ఇంటిగ్రేటెడ్ కోర్సును మొదటి ఎంపికగా, ఆంత్రోపాలజీని రెండో ఎంపికగా పెడదామనుకుంటున్నాం. వీలుగా దోస్త్‌లో కూడా సైకాలజీ ఉన్న కళాశాలలకు దరఖాస్తు చేస్తాను. అనుమతి సంగతి చదివాక చిన్నమ్మకు ఫోను చేసి ఇక్కడ రాసినదంతా వినిపించాను. పేరు లేదు కదా, ఉండనివ్వమంది. ఒక్క భయం మిగిలింది. పదో తరగతి తర్వాత లెక్కలు వదిలేశాను. గణాంకాలు నావల్ల అవుతాయా?

వరలక్ష్మి

అవుతాయమ్మా. మొదటి ఏడాదికి పదో తరగతి లెక్కలు సరిపోతాయి. సగటు, మధ్యగతం, బాహుళకం మీకు అప్పుడే వచ్చు. దాని తర్వాత ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో), ఆ తర్వాత సహసంబంధం (రెండు విషయాలు కలిసి ఎలా మారతాయో). ఈ రెండూ సెలవుల్లో చేతితో చేయండి, కాలిక్యులేటర్ చాలు, సాఫ్ట్‌వేర్ వద్దు. మీ బాబాయి గారి కొట్టులో నెల రోజుల అమ్మకాలు రాసుకుని, బోనాల వారం ఎంత తేడా వచ్చిందో లెక్కగట్టండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, నేను చూస్తూ ఉంటాను.

అనంతగిరి

సీయూఈటీ సాధారణంగా మే, జూన్ నెలల్లో ఉంటుంది, దరఖాస్తులు అంతకు చాలా ముందే ముగుస్తాయి. పరీక్షకు దరఖాస్తు వేరు, విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి దరఖాస్తు వేరు. రెండోది మరిచిపోయి సీటు పోగొట్టుకున్న వాళ్లను చూశాను. కోర్సుకు ఏ సబ్జెక్టులు రాయాలో ఆ ఏడాది సమాచార పుస్తకంలో చూసి, నాన్నగారితో కలిసి దరఖాస్తు నింపండి.